ప్రదిత్ వాటా అన్నం

అమ్మ విలైకి,

బ్యాంకాక్‌లో కుట్టు మిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన నా కోడలికి అత్త రాస్తున్నది.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది, మోకాళ్ళ నొప్పి ఎప్పుడూ ఉండేదే. ఫోనులో అయితే నేను చెప్పేది సగంలోనే ఆపి నువ్వు నన్ను ఓదారుస్తావు, నాకు తెలుసు. తిడితే పడతాను కానీ నువ్వలా ఓదారిస్తే భరించలేను. పైగా మన ఫోను ఎవరో వింటారని నా భయం. ఉత్తరం మాత్రం విప్పి చదవరా అంటే, పక్కింటి సీదా నవ్వింది. "నీ రాత చదవాలంటే వాళ్ళ కళ్ళు పోతాయిలే, హాయిగా రాసుకో" అంది.

విలై, నేను తప్పు చేశాను. మన కేసు నా చేతులతోనే పాడు చేశానేమోనని ముద్ద దిగడం లేదు.

మొన్న పోయినవాళ్ళకి గుడి దగ్గర నేల మీద పొట్లాలు పెట్టే రోజు వచ్చింది. ఏటా మీ మామకొకటి, మా అమ్మకొకటి కడతాను. ఈసారి చేతులు వాటంతట అవే మూడో అరిటాకు పరిచాయి. జిగురన్నం ముద్ద, కాల్చిన చేప ముక్క, అరటిపండు, వాడికిష్టమని కాస్త మిరపకాయ పచ్చడి. కట్టేశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. కాదు, తెలుసు. నీకు అబద్ధం ఎందుకు రాయాలి?

వాడు కనబడకుండా పోయిన ఇన్నేళ్ళూ ప్రదిత్‌కి కట్టలేదు. కడితే వాడు పోయాడని కన్నతల్లిని నేనే ముందు అన్నట్టు. కట్టకపోతే, ఒకవేళ పోయే ఉంటే? పైలోకంలో వాళ్ళని వదిలేది ఆ ఒక్క రోజే అంటారు. అందరి బిడ్డలూ తింటుంటే నా కొడుకు గోడ పక్కన ఒట్టి చేతులతో నిలబడి చూస్తాడు కదా. బతికుంటే శపించినదాన్ని, పోయి ఉంటే కడుపు మాడ్చినదాన్ని. ఏటా ఈ రెంటి మధ్యా నలిగి చివరికి రెండు పొట్లాలతోనే సరిపెట్టుకునేదాన్ని. ఈసారి ఓపిక అయిపోయింది. నిన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటావని అడగలేదు.

చీకటితోనే గుడికి వెళ్ళాం. ఎవరి మనిషి ఎముకలు గుడి గోడ గూళ్ళలో ఎక్కడున్నాయో అక్కడ ఆగి వాళ్ళు పెట్టుకుంటున్నారు. సీదా వాళ్ళాయన గూటి ముందు సిగరెట్టు కూడా పెట్టి, "దగ్గి దగ్గి చచ్చాడు, అక్కడన్నా మానాడో లేదో ముదనష్టపోడు" అని కళ్ళు తుడుచుకుంది. నేను మీ మామకి పెట్టాను, మా అమ్మకి పెట్టాను. మూడోది చేతిలో పట్టుకుని గోడ చుట్టూ తిరిగాను. వాడికి గూడేదీ? చివరికి దిక్కూ మొక్కూ లేని ఆత్మలకి పెట్టే జామచెట్టు మొదట్లో పెట్టాను. తల్లి ఉండగా, భార్య ఉండగా, నా కొడుకుని దిక్కులేనివాళ్ళలో కలిపాను.

లేచేసరికి వెనక ఇన్‌స్పెక్టరు. ఆ లావుపాటాయనే. అప్పట్లో స్టేషన్‌లో బల్ల దగ్గర కూర్చునేవాడు, ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు పెరిగాయి. చేతులు జోడించి నవ్వుతూ అడిగాడు. "పెద్దమ్మా, ఇదెవరికి?"

పండగపూట అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాం? "మా ప్రదిత్‌కి" అన్నాను.

"అయ్యో పాపం. అంటే పోయాడని మీకూ తెలుసన్నమాట. ఇంక ఈ వయసులో కోర్టులెందుకు పెద్దమ్మా?" అన్నాడు. అప్పుడు చూశాను, చేతిలో ఫోను నా వైపే పట్టుకుని ఉన్నాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. కొండ తవ్వకం వద్దని ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించినందుకు సంత దగ్గర మన ప్రదిత్‌ని వ్యానులో ఎక్కించుకుపోయారు. ఎక్కించింది ఎవరో ఊరందరూ చూశారు. మర్నాడు మనిద్దరం స్టేషన్‌కి వెళ్తే ఈయనే కదా, కలం పట్టుకుని, "ఏ సెక్షన్ కింద రాయమంటావమ్మా? మనిషిని మాయం చెయ్యడమనే నేరం మన చట్టంలో లేదు. కోడి పోయిందంటే రాస్తాను, బండి పోయిందంటే రాస్తాను" అన్నది! నిజంగానే ప్రదిత్ ఎక్కి వెళ్ళిన బండి పోయిందని రాసుకున్నాడు. కొన్నాళ్ళకి కాలవ గట్టున మోటార్ సైకిల్ దొరికిందని పిలిచి అప్పగించి, దొరికింది కదా, కేసు అయిపోయింది అన్నాడు. ఆ బండి ఇంకా మన మెట్ల కిందే ఉంది. అమ్మలేను, చూడలేను.

లాయరమ్మ మన చాప మీద కూర్చుని చెప్పింది నాకు మాట మాట గుర్తుంది. ఇలా మనుషుల్ని మాయం చేసేవాళ్ళని శిక్షిస్తామని దేశాలన్నీ ఒకదానికొకటి మాటిచ్చుకున్నాయట. ఆ మాట మీద సంతకం పెట్టిన ప్రతి దేశమూ తన ఇంట్లో తన చట్టంలో అది నేరమని రాసి తీరాలట. మన దేశమూ సంతకం పెట్టి చాలా ఏళ్ళు ఊరుకుంది. నీలాంటి ఆడవాళ్ళు ఎండలో ఫొటోలు పట్టుకుని నిలబడితే ఇప్పటికి రాసింది. ఇన్నాళ్ళకి మనకొక సెక్షన్ వచ్చింది. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని నేను ఒక అన్నం ముద్దతో పోగొట్టానేమో. మనిషి చనిపోయాడని వాళ్ళమ్మే ఒప్పుకుందంటే ఇంక మాయమైనవాడెవడు, కేసెక్కడిది?

అందుకే చెప్తున్నాను. విచారణకి నన్ను పిలవద్దని లాయరమ్మతో అను. ముసల్దానికి మతి చెడిందని చెప్పు, నేను ఏమీ అనుకోను. నేను గుడిలో తెల్లబట్టల సన్యాసినమ్మల దగ్గర వంట చేసుకుంటూ ఉంటాను. నా నోరు మళ్ళీ విప్పితే ఏం పాడవుతుందో.

ఇంకొకటి కూడా జరిగింది. అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు వేళకి తిను. సూది చూసుకుంటూ కుట్టు.

నీ అత్త,
ఖంపూన్

*

నా తల్లి విలైకి,

బస్సు దొరికిందో లేదో, కిటికీ పక్క సీటు ఇచ్చారో లేదో. నీ సాక్ష్యం ఇంకా కాలేదని నిన్ను కోర్టు గది బయటే కూర్చోబెట్టారు, నేను బయటికొచ్చేసరికి బస్సు వేళైందని పరుగెత్తావు. లోపల ఏం జరిగిందో లాయరమ్మ చెప్పే ఉంటుంది. కానీ నా నోటితో నీకు చెప్పాల్సింది మిగిలిపోయింది.

నీ జవాబు రోజూ చదివాను. "అత్తా, పొట్లం పెట్టారని నాకు కోపం లేదు. బతికున్నాడా పోయాడా అని చట్టం మిమ్మల్ని అడగదు. తీసుకెళ్ళినవాళ్ళని ఎక్కడని అడుగుతుంది. వాళ్ళు చెప్పేదాకా ఆ నేరం ప్రతిరోజూ కొత్తగా జరుగుతున్నట్టేనని లాయరమ్మ అంది. మీరు రాకపోతేనే నాకు కోపం" అని రాశావు. కోపం లేదని రాసిన చోట సిరా చెదిరి ఉంది. ఏడుస్తూ రాశావు. ఆ పాపం కూడా నాదే.

బోనెక్కి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వ్యాను ఎక్కించినవాళ్ళ లాయరు కుర్రాడు, ముద్దుగానే ఉన్నాడు, ఏ తల్లి కన్నదో. ఫోనులో నా గొంతు అందరికీ వినిపించాడు. మా ప్రదిత్‌కి అన్న ఆ మాట. నా గొంతు అంత ముసలిదని నాకు తెలియదు.

"అవ్వా, ఆ అన్నం మీ అబ్బాయికి పెట్టారా లేదా?"

"పెట్టాను బాబూ."

"చనిపోయినవాళ్ళకేగా పెడతారు?"

"అవును. కానీ మళ్ళీ తీసేశాను."

నీకు రాయలేకపోయింది ఇదే, విలై. ఇన్‌స్పెక్టరు వెళ్ళగానే భయమేసి జామచెట్టు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే కుక్క సగం తినేసింది. మిగిలింది ఆకుతో సహా లాక్కుని, గోడ వెనక నిలబడి నేనే తినేశాను. కొడుకు కోసం కట్టింది, కుక్క నోటి దగ్గరిది, నేను తిన్నాను. వాడికి పెట్టినట్టూ కాదు, పెట్టనట్టూ కాదు. ఆ మిరపకాయ ఘాటు ఇంకా గొంతులోనే ఉంది.

అదంతా ఆ గదిలో చెప్పేశాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి ఎందుకు తీశారు?" అన్నాడు ఆ అబ్బాయి.

"ఆ చెట్టు కింద వాడు లేడు కనక. వాడెక్కడున్నాడో వ్యాను ఎక్కించినవాళ్ళకి తెలుసు. అదిగో, ఆ బెంచీ మీదే ఉన్నారు. చెప్పమను బాబూ, వెళ్ళి అక్కడే పెడతాను. కడుపు నిండా పెడతాను."

వాళ్ళలో ఒకడు గోడ గడియారం చూసుకున్నాడు. జడ్జిగారు మాత్రం గుమాస్తా వైపు తిరిగి, అవ్వ అన్నది అన్నట్టే రాయండి అన్నారు. గుమాస్తా నన్ను వాడి పూర్తి పేరు చెప్పమన్నాడు. చెప్పాను, మళ్ళీ చదివి వినిపించాడు. ఇన్నాళ్ళకి వాళ్ళ కాగితం మీద బండి నంబరు కాకుండా నా కొడుకు పేరు పడింది. అప్పుడు ఏడుపొచ్చింది. అంతదాకా రాలేదు, చూడు.

శిక్ష పడుతుందో లేదో, వాయిదాలు ఎన్ని వేస్తారో, అప్పటిదాకా నేను ఉంటానో లేదో, అన్నీ భయాలే. వాడు ఈ ఏడు ఆకలితోనే ఉండిపోయాడేమోనన్న బాధ నాకు పోదు, పోగొట్టాలని చూడకు. గుడికి వెళ్ళి ఉండిపోనులే. వచ్చే ఏడు మూడు పొట్లాలే కడతాను. రెండు గోడ దగ్గర పెట్టి, మూడోది చేత్తో పట్టుకుని స్టేషన్‌కి వెళ్తాను. బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళని అడుగుతాను, ఇది ఎక్కడ పెట్టమంటారని. నా మోకాళ్ళు రాలేమంటే నువ్వు పట్టుకెళ్ళు. పచ్చడి వెయ్యడం మర్చిపోకు.

నీ అత్త,
ప్రదిత్ వాళ్ళమ్మ
ఖంపూన్