రేకు కన్నంలో తీగ

నాంపల్లి, హైదరాబాద్
9 జులై 1938

నా మాబెల్‌కు,

నువ్వూ మీ బడి పిల్లలూ క్షేమమని తలుస్తాను. మెదక్ నుంచి నువ్వు రాసిన రెండు ఉత్తరాలకూ పని ఎక్కువగా ఉందని ఒక కార్డు ముక్క పడేశాను. అది అబద్ధం. ఈ పదిహేను రోజులూ నీకు రాయడానికి నాకు ముఖం చెల్లలేదు.

కిందటి నెల బేగం బజార్ పప్పుల వర్తకులు వామన్‌రావు గారి కారు మా షాపుకు వచ్చింది. పాత తీగలన్నీ పీకి కొత్తవి వేశాను. ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ నడుమ ఇనుపరేకు ఉంటుంది. బ్యాటరీ తీగ ఆ రేకు కన్నంలోంచి రావాలి. కన్నం అంచు తీగను కోసేస్తుంది కాబట్టి అక్కడ రబ్బరు రింగు తొడగాలి. పాతది పగిలిపోయింది. కోఠి దాకా వెళ్తే కొత్తది దొరికేది. వాళ్ల డ్రైవరు మొగులయ్య హారన్ కొడుతూ, "జర జల్ది చెయ్ మిస్త్రీ, మా సేటోళ్లు పెండ్లికి పోవాలె" అని తొందరపెట్టాడు. నేను గుడ్డపీలిక చుట్టి పంపేశాను.

పదకొండో రోజున ఆబిడ్స్‌లో, పట్టపగలు, ఆ కారులో మంట లేచింది. వామన్‌రావు గారి తల్లి అహల్యమ్మ గారి చెయ్యి కాలింది. ఆమెను ఎత్తుకుని బయటికి దూకింది మొగులయ్యే. అయినా అతన్నే పనిలోంచి తీసేశారు. బండి నడుపుతూ బీడీ కాల్చాడట, నిప్పురవ్వ సీటు కింద పడిందట. అతను కాదనలేదు.

కారును మా షాపుకే తెచ్చారు. గుడ్డ అరిగి, తీగ తొడుగు తెగి, లోపలి రాగి ఆ ఇనుపరేకుకు తగిలి కరిగిపోయి ఉంది. బ్యాటరీ దగ్గర నేను ఫ్యూజు కూడా పెట్టలేదు. పెట్టి ఉంటే అది తెగి మంట పుట్టనిచ్చేది కాదు. మా యజమాని రామచందర్ గారు "బీడీతోనేనా?" అని అడిగితే అవునన్నట్టు తల ఊపాను మాబెల్.

నిన్న దవాఖాన ముందు మొగులయ్య కనిపించాడు. అహల్యమ్మ గారు కట్టు మార్పించుకోవడానికి వస్తే దూరం నుంచి చూసిపోతున్నాడట. "నా బీడీకే ముసలమ్మ చెయ్యి కాలె. ఇగ నేను స్టీరింగ్ పట్ట" అన్నాడు. అతని భుజం మీద వేయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మెదక్ వచ్చేస్తాను. ఇక తీగలు ముట్టను.

నీ
సుందర్‌రాజ్


నాంపల్లి
17 జులై 1938, ఆదివారం

ప్రియమైన మాబెల్,

"రండి, కాని చెప్పి రండి. చెప్పకుండా వస్తే మీతోపాటు ఆ అబద్ధం కూడా ఇంట్లోకి వస్తుంది" అని రాశావు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే వెళ్లి చెప్పాను.

రామచందర్ గారు చాలాసేపు అరిచారు. తరువాత చొక్కా మార్చుకుని నాతోపాటు బేగం బజార్ వచ్చారు. వామన్‌రావు గారు నా ముఖం చూడలేదు. లోపలి నుంచి అహల్యమ్మ గారే అన్నారు: "మొదాలు మొగులయ్యను పిలువున్రి."

షాపులో అతనికి ఆ కన్నం చూపించాను. నల్లబడిన అంచు మీద వేలు పెట్టి, "గట్లయితే నా బీడీ కాదా?" అన్నాడు.

"కాదు. నా పనే."

కింద కూలబడి ఏడ్చాడు. లేచి నా కాలర్ పట్టుకున్నాడు. "గిన్ని దినాల సంది నాకు బువ్వ పోలే. నువ్వు చూసుకుంట ఊకున్నవ్!" వదిలేసి వెళ్లిపోయాడు.

నేను మెదక్ రావడానికి పెట్టె సర్దుకున్నాను. రామచందర్ గారు, "పారిపోతే నువ్వు నేర్చుకున్నది ఎవనికి పనికొస్తది?" అన్నారు. అయినా వెళ్లిపోయేవాణ్ణే. మర్నాడు పొద్దున్నే మొగులయ్య వచ్చాడు. అహల్యమ్మ గారు అతన్ని మళ్లీ పనిలో పెట్టించారట.

"తీగలు నువ్వే వెయ్ మిస్త్రీ. నేను పక్కన కూసుంట. హారన్ కొట్ట, జల్ది అన."

మూడు రోజులు పట్టింది. కోఠి నుంచి సరైన రింగు తెచ్చాను. తీగ ఎక్కడా వేలాడకుండా, పొగగొట్టం వేడి తగలకుండా జానెడుకో పట్టీ వేసి బిగించాను. అతుకు పెట్టిన ప్రతిచోటా టంకం వేసి గుంజి చూశాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాను. మొగులయ్య ప్రతిదీ "ఇది ఎందుకు?" అని అడిగాడు. చెబుతూ చెబుతూ, ఇక ముట్టనన్న తీగలే మళ్లీ ముట్టుకున్నానన్న సంగతి మరిచిపోయాను. ఇకనుంచి ఏ బండి అయినా రామచందర్ గారు, నేను ఇద్దరం చూశాకే షాపు దాటుతుంది.

నిన్న సాయంత్రం మొదటిసారి కారు తీశాం. అహల్యమ్మ గారు కట్టు కట్టిన చేతితోనే వచ్చి ఎక్కారు. వామన్‌రావు గారు వద్దన్నా వినలేదు. మొగులయ్య స్టీరింగ్ మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

"పోనియ్ బిడ్డా" అన్నారు ఆమె.

ఆబిడ్స్ దాటేదాకా నేను ముందుకు వంగి పొగ వాసన కోసం ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాను. వెనక నుంచి అహల్యమ్మ గారు, "ఏంది మిస్త్రీ, జలుబు చేసిందా?" అన్నారు. మొగులయ్య పకపకా నవ్వాడు. అతనితోపాటు నేనూ నవ్వాను.

నీ
సుందర్‌రాజ్