దూలం లేని ఇంటికి దేవదారు మొక్క

బ్రనో, 1931 సెప్టెంబరు 20

అమ్మా, నేను కులాసా. చలికాలం దాకా పనికి లోటు లేదు, బెంగ పెట్టుకోకు.

"దూలం, వాసం లేని ఇంట్లో వడ్రంగికేం పనిరా?" అని నాన్న ఎగతాళి చేశాడు కదా. కాంక్రీటు తనంతట తాను నిలబడదు. గోడకైనా స్లాబుకైనా ముందు సెంట్రింగు చెక్కలు మేమే కొట్టాలి. ఈ ఇంటి పుణ్యమా అని వేసవంతా కడుపునిండా తిన్నాను.

నిన్న పై స్లాబు పూర్తయింది. ఇక మన వడ్రంగుల ఆనవాయితీ ప్రకారం కప్పు మీద రిబ్బన్లు కట్టిన చెట్టు నిలబెడితే యజమానులు బీరు పోయించాలి. దేవదారు మొక్కను నరికి పైకి తీసుకెళ్తే మేకు దిగడానికి ఎక్కడా కర్ర లేదు, అంతా అరుగులా చదును. తాపీవాళ్లు ఒకటే నవ్వు. ఇంటి యజమానురాలు హెడ్వికమ్మగారు పైకొచ్చి, "మేకులెందుకయ్యా మెతోడీ? ఈ కప్పు మీదే తోట వేయిస్తున్నాగా. వేళ్లతో తెచ్చి నాటు. అందాకా మీ బీరు ఆపుతానా ఏమిటి?" అన్నారు. సాయంత్రానికి పీపా దిగింది. చల్లగా ఉండాలి ఆ తల్లి.

ఎండుగడ్డి కొట్టంలోకి చేరిందా? చెల్లి అనెజ్కా పన్నునొప్పి తగ్గిందా? నా ఉన్ని మేజోళ్లు యోజ్కా బాబాయితో పంపు.

నాన్నకు నా దండాలు చెప్పు. దొడ్డి వెనక దేవదారు మొక్కల్లో మోకాలెత్తుది ఒకటి వేళ్లు తెగకుండా తవ్వి, గోనెలో చుట్టి బాబాయి చేతికిమ్మను. ఆయన కట్టిన ప్రతి ఇంటి మీదా నరికి నిలబెట్టిన చెట్టు నెల తిరక్కుండా ఎండిపోయింది. ఇది పెరుగుతుంది. చూడ్డానికి ఆయన్నే రమ్మను.

మీ మెతోడీ