అమ్మ పోయిందన్నందుకు

చోక్‌చెర్రీ క్రీక్, సౌత్ డకోటా
నవంబరు, 1994

అర్వెల్లా అక్కకు,

మన పెద్దలు అనేట్టు, మంచి మనసుతో నీ చేయి పట్టుకుని రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం, నా తుంటి తప్ప. మినియాపోలిస్ చలిలో నువ్వూ పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వర్జీ అమ్మ పంపిన ఎండుమాంసం అందిందా? ఆవిడ కట్టినప్పుడు ఇంకాస్త ఎక్కువే ఉంది. పోస్టాఫీసు దారిలో తగ్గింది, అడక్కు.

కారు అమ్మేశావా అని అడిగావు. దాన్ని కొనే వెధవ ఇంకా పుట్టలేదు. తుంటి సంగతి అడిగావు. ట్రక్కు బోల్తాపడ్డ రోజున సైన్యానికి ఇవ్వాల్సింది ఇచ్చేశాను, మిగిలింది ఈడుస్తున్నాను. మన తెగ ఆసుపత్రి డాక్టరు కూర్చునే పని చూసుకోమన్నాడు. గుర్రాల దగ్గర కూర్చునే పనేముంటుందో ఆ మహానుభావుడే చెప్పాలి. సైనికుల ఆసుపత్రిలో అయితే తుంటి మారుస్తారు. కానీ సైన్యం నన్ను పంపేస్తూ ఇచ్చిన డిశ్చార్జి కాగితం మీద 'గౌరవప్రదం కానిది' అని ఉన్నంతకాలం నన్ను ఆ గుమ్మం తొక్కనివ్వరు. ఆ మాట మార్చమనే కదా ఇన్నేళ్ళకి అర్జీ పెట్టుకున్నాను.

ఆ అర్జీ విన్న సైనిక బోర్డు ముందు ఏం జరిగిందో దాచకుండా రాయమన్నావు. ఇన్నాళ్ళూ దాటేశాను. ఇక రాస్తాను.

రాపిడ్ సిటీలో ఒక హోటల్ గది. బల్లకి అటువైపు ఐదుగురు ఆఫీసర్లు, ఇటు నేనూ, లాయరమ్మ కెస్లరూ, సాక్ష్యానికి వర్జీ అమ్మ. ఆవిడ, పోయిన ఫిలొమీన్ అమ్మ శాలువా కప్పుకుని వచ్చింది. పెద్దాఫీసరు మర్యాదస్తుడే. అదే నా ఖర్మ, తిట్టేవాడైతే నేనూ తిట్టి వచ్చేసేవాణ్ణి. పాత ఫైలు తీసి చదివాడు.

"అమ్మ చనిపోయింది, సెలవు కావాలని రాశారు. క్యాంపు నుంచి మీ ఇంటికి ఫోన్ చేశారు. ఎవరో స్త్రీ తీసి, అవును, వాడి అమ్మ పోయింది అంది. మీరెవరమ్మా అంటే, నేను వాడి అమ్మని అంది."

ఐదుగురూ నవ్వారు. వర్జీ అమ్మ కూడా నవ్వింది.

"ఆ ఫోన్ తీసింది నేనే. రెండూ నిజమే నాయనా," అంది. "నేను కన్నాను. పోయింది మా అక్క ఫిలొమీన్. నేనెంతో మా అక్కా వాడికి అంతే. మా తెగలో అక్కచెల్లెళ్ళ పిల్లలకి అమ్మ ఒక్కతే ఉండదు, అందరూ అమ్మలే."

వాళ్ళు రాసుకున్నారు, కానీ వాళ్ళకి ఎక్కలేదని మొహాలే చెప్పాయి. అప్పుడూ అంతే కదక్కా. సెలవివ్వలేదు, నేనాగలేదు. వచ్చేసరికి నువ్వు మన ఆచారం ప్రకారం దుఃఖానికి జుట్టు కోసేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నావు. నిన్ను కన్న ఆ అమ్మని ఇద్దరం కలిసే మట్టిలో పెట్టాం. తిరిగి వెళ్తే అబద్ధాలకోరు, పారిపోయినవాడు అని ముద్రవేసి ఇంటికి తోలేశారు.

మధ్యలో విరామం ఇచ్చారు. లాయరమ్మ నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"మీ ఆచారాన్ని నెగ్గించడానికి అర్జీ పెట్టలేదు డెల్మర్, తుంటి కోసం పెట్టావు. పోయినావిడ నా ఆంటీ, దుఃఖంలో తప్పు రాశాను, చింతిస్తున్నాను అను. చాలు."

అన్నానక్కా. లోపలికెళ్ళి, "అవును సార్, ఆవిడ నా ఆంటీయే," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దాఫీసరు, "మరి ఫోన్‌లో ఈవిడ, మీ అమ్మ పోయిందని ఎందుకు చెప్పినట్టు?" అన్నాడు. "ఆవిడకి ఇంగ్లీషు సరిగా రాదు సార్," అన్నాను. నా పక్కనే కూర్చుని ఉంది అక్కా. మిషన్ స్కూల్లో మన మాట పలికినప్పుడల్లా సబ్బుతో నోరు కడిగి నేర్పిన ఇంగ్లీషు ఆవిడది. ఆవిడ శాలువా సర్దుకుని, ఏమీ అర్థం కానిదానిలా ఆ ఐదుగుర్నీ చూస్తూ కూర్చుంది. నా కోసమే అలా కూర్చుంది.

తిరుగు దారిలో కారు నేనే నడిపాను. ఊరు దగ్గర పడుతుండగా వర్జీ అమ్మ, రేడియోలో మాట్లాడేవాళ్ళు కూడా పలకలేనంత చక్కని ఇంగ్లీషులో, "ముందు బంకు దగ్గర కాస్త ఆపుతారా సార్, కాఫీ తాగాలి," అంది. అప్పట్నించీ నన్ను పేరుపెట్టి పిలవట్లేదు. వేళకి అన్నీ పెడుతుంది. 'సార్, సూప్ చల్లారుతోంది' అంటుంది.

మంచి కాగితం వస్తే ఫిలొమీన్ అమ్మ సమాధి దగ్గర పైకి చదవమన్నావు, కొడుకు అబద్ధం ఆడలేదని ఆవిడకి తెలియాలన్నావు. పోయినవారం వచ్చింది. 'గౌరవప్రదం' అనే ఉంది. ఎందుకు మార్చారో కింద రాశారు: 'ఆంటీ మరణించినప్పుడు తప్పుడు వివరం ఇచ్చినట్టు ఒప్పుకుని పశ్చాత్తాపపడ్డాడు గనుక.' సమాధి ఉన్న కొండ మీదికి కుంటుకుంటూ వెళ్ళాను. తీసి ఏం చదవను? జేబులోనే ఉంచుకుని దిగి వచ్చేశాను.

తుంటి జనవరిలో మారుస్తారట. వద్దని మాత్రం అనను అక్కా, నొప్పి అలా ఉంది. ఇది చదివి నన్ను తిట్టు, కానీ జవాబు రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
ఆ ఒక్క గదిలో తప్ప ప్రతిచోటా నీ తమ్ముడు,
డెల్మర్