ఆషాఢం సాకు

కాడుగోడి,
ఆషాఢ బహుళం, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి అలివేలుకు, మీ పెద్దక్క చౌడమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ప్రతిసారీ చేతి అలవాటుగా రాసే మాట ఇది. ఈసారి ఒక్కొక్కరి ముఖం తలుచుకుని రాశాను. నీ కూతురు వర్షిణి బాగుంది. అల్లుడు చేతన్ బాగున్నాడు. ఈ రెండు మాటలూ రెండుసార్లు చదువుకుని, ఆ తరువాతే మిగతాది చదువు. మీరంతా కూడా అమ్మవారి చల్లని చూపులో ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని మరిది గంగప్ప నవ్వుతాడేమో. ఇన్నేళ్ళ మరమగ్గాల మోతకు నీ చెవులు మందగించాయి. ఫోనులో నీకేదైనా చెప్పాలంటే వీధంతా వినేట్టు అరవాలి. ఇప్పుడు చెప్పబోయేది అరిచి చెప్పే సంగతి కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ ఖాళీ స్థలం, ఆ సైటు సంగతి. విమానాశ్రయం దగ్గర గనుక ధర ఇంకా ఇంకా పెరుగుతుంది, ఇప్పుడే అమ్మేయండి అని ఎవరో మీ గడప అరగదీస్తున్నాడని రాశావు. పెరుగుతుందంటూనే అమ్మేయమనే మనిషిని నమ్మవద్దు. నీ మేలు కోరేవాడైతే దాన్ని నీ దగ్గరే ఉండనిస్తాడు కదా. పత్రాలు చూసి ఇస్తానన్నా ఇవ్వకండి. నేను వచ్చి మాట్లాడతాను.

ఇళ్ళు బాడుగకు కుదిర్చే మా వ్యాపారం ఎలా ఉందని అడిగావు. మెట్రో వచ్చినప్పటినుంచి ఇక్కడ బాడుగలు పైకే పోతున్నాయి. పాత పెంకుటిళ్ళు ఒక్కొక్కటే పడగొట్టి, అంత చిన్న సైట్లలో నాలుగైదు అంతస్తులు లేపుతున్నారు. ఒక మేడ కిటికీలోంచి చేయి చాస్తే పక్క మేడ గోడ తగులుతుంది. మిగిలిన చోటల్లా పీజీ హాస్టళ్ళు. ఉద్యోగాలు పోయి కొందరు పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళ గదుల్లోకి ఇంకొందరు వచ్చారు. ఇల్లు చూడవచ్చేవాళ్ళు గాలీ వెలుతురూ అడగడం మానేశారు. నీళ్ళు బోరువా, ట్యాంకరువా అనేదే మొదటి ప్రశ్న. ఆషాఢంలో మాత్రం ఎప్పటిలాగే ఇళ్ళు మారేవాళ్ళూ లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు. మీ బావ పోయి ఈ పని నా చేతికొచ్చినప్పటినుంచి, ఈ నెలంతా అమ్మవారి నామాలు చదువుకుంటూ ఇంట్లో కూర్చోవడం నాకు అలవాటు. ఈ ఏడు కూర్చోలేకపోయాను.

ఇక నీ అసలు ప్రశ్న. కొత్తగా పెళ్ళయిన పిల్లను ఆషాఢానికి పుట్టింటికి పంపకుండా నీ దగ్గరెందుకు పెట్టుకున్నావు, అల్లుడితో ఏదైనా మాట వచ్చిందా, ఇక్కడ నలుగురూ అడుగుతున్నారు అని రాశావు. పిల్లకు ఆఫీసు దూరమవుతుందని అప్పుడు నీకు కబురు చెప్పించాను. అది అబద్ధం కాదు. కానీ కారణం అది కాదు.

పిల్లల కాపురానికి నేను చూసిపెట్టిన వెంకటేశప్ప మేడ నీకు తెలుసు. మూడో అంతస్తులో నువ్వే వచ్చి పాలు పొంగించావు. అప్పుడు పక్క సైటు ఖాళీగా ఉండింది. నువ్వు వెళ్ళిన కొద్ది రోజులకే అక్కడెవరో పీజీ కట్టడానికి గొయ్యి తవ్వారు. కింద బండ్లు నిలుపుకోవడానికట. మనిషి దిగితే తల కూడా కనబడనంత లోతు. మన మేడ అంచునే తవ్వారు. మట్టి జారకుండా అడ్డుగోడైనా కట్టలేదు.

జ్యేష్ఠం చివర్లో, రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇల్లు ఒకరికి చూపిద్దామని తాళం తీశాను. తలుపు రాలేదు. భుజంతో తోస్తే నేలను గీసుకుంటూ తెరుచుకుంది. వంటింట్లో గొయ్యి వైపు గోడకు పైమూల నుంచి కిందిమూలకు పగులు. వేలు పెడితే దూరింది. పాత పగులుకు మసి ఉంటుంది, బూజు ఉంటుంది. ఇది లోపల అప్పుడే కొట్టిన కొబ్బరికాయలా తెల్లగా ఉంది.

వచ్చినవాళ్ళను ఏదో చెప్పి పంపేసి నేరుగా వెంకటేశప్ప దగ్గరికి వెళ్ళాను.

"వానాకాలం గదా చౌడమ్మా, తలుపులు ఉబ్బుతాయి. సుమ్మనే, ఊరికూరికే భయపడొద్దు," అన్నాడు.

"తలుపు సంగతి కాదప్పా. గోడ పగిలుండాది. వేలు దూరతాది."

"కొత్త మేడ, సర్దుకుంటా ఉండాది. మేస్త్రిని పంపిస్తాలే. ఈ మాట బయట పడిందంటే నా మేడ మీద కాకి కూడా వాలదు. నీ చేతికి ఇంకెవురూ తాళాలియ్యరు. అదీ గ్యాపకం పెట్టుకో."

అతను చెడ్డవాడు కాదు అలివేలూ. తాతల నాటి రాగుల చేను అమ్మగా వచ్చిందంతా ఆ గోడల్లోనే పోశాడు. మేస్త్రి వచ్చాడు, పూత పూశాడు, రంగు కొట్టాడు. పగులు కనబడకుండా పోయింది. నా భయం పోలేదు.

ఆషాఢం దగ్గరపడింది. సాకు దానంతటదే నోటికి వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఈ నెల భర్తతో ఒకే కప్పు కింద ఉండకూడదు, నా దగ్గరికి వచ్చెయ్ అని వర్షిణితో అన్నాను. పిల్ల పకపకా నవ్వింది.

"పెద్దమ్మా, అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదనే గదా ఆ ఆచారం? మా అత్త చింతామణి ఊర్లో ఉండాది. ఇక్కడుండేది మేమిద్దరమే. దీంట్లో లాజిక్కే లేదు."

"లాజిక్కు నీ ఆఫీసులో చూసుకో. బట్టలు సర్దు."

చేతన్ తల గోక్కుంటూ, "అంటే నెలంతా నా వంట నేనే తినాలా? ఆమెకు ఆచారం, నాకు శిక్షా పెద్దమ్మా!" అన్నాడు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. పిల్ల ల్యాప్‌టాపు సంచి భుజాన వేసుకుని నా వెంట వచ్చేసింది. ఆ రోజు నా ఇంట్లో దాని పక్క పరిచినప్పుడు నాకెంత నెమ్మది కలిగిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎందుకంటే మరునాడు దీపం పెట్టి మన పిల్లల పేర్లు చెప్పుకుంటుంటే, పిలవకుండానే మిగతా పేర్లు వచ్చాయి. కింద కుట్టుమిషన్లు పెట్టుకుని బతుకుతున్న ఫయాజ్, అతని భార్య, చంటిబిడ్డ. మొదటి అంతస్తులో పిల్లమ్మ, ఆమె కొడుకూ కోడలూ మనవలూ. అన్నిటికీ పైన ఒడిశా కుర్రవాళ్ళు. అందరినీ అక్కడ చేర్చింది నేనే. పాలు పొంగిన రోజు మొదటి గ్లాసు నాకే ఇచ్చారు. ఆ మేడలో నేను పాలు తాగని ఇల్లు లేదు.

వాళ్ళ సంగతి సరే, మన అల్లుడి మాటేమిటి? నువ్వూ కొన్నాళ్ళు ఇక్కడికే వచ్చెయ్ నాయనా అని చేతన్‌కు ఫోను చేశాను.

"భలేవారే! నియమం పెట్టింది మీరే కదా?" అన్నాడు. "మా అమ్మతో చెబితే ఎంత మురిసిపోయిందో. ఈ కాలంలో కూడా పద్ధతి తెలిసినోళ్ళు దొరికినార్రా, శ్రావణం వచ్చేదాకా ఆ గడప తొక్కితే నా మీద ఒట్టే అనింది."

నా అబద్ధం నా ముఖం మీదే తలుపు వేసింది. నా బిడ్డను ఇవతలికి లాగి, బిడ్డ మొగుణ్ణి లోపలే ఉంచి గడియ పెట్టుకున్నాను.

అప్పుడైనా ఉన్నమాట చెప్పవలసింది. కానీ ఒక్కడికి చెబితే అందరికీ చెప్పినట్టే. మేడ ఖాళీ అవుతుంది, వెంకటేశప్ప మునుగుతాడు. తీరా అది పైపూత పగులే అయితే? ఇలా అనుకుంటూ రోజులు గడిపాను. చినుకు పడితే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. చెవి అటే ఉండేది. కూలీలు ఎక్కడో ఇసుక దింపినా గేటు దాకా పరుగెత్తేదాన్ని. చేతన్ ఫోను ఎత్తడం ఆలస్యమైతే నేను గోడ పట్టుకుని నిలబడేదాన్ని. ఎందుకలా ఉన్నావు పెద్దమ్మా అని వర్షిణి అడిగితే, ఉపవాసం అనేదాన్ని.

పోయిన ఆదివారం పొద్దుటినుంచీ వాన. చేతన్‌కు గేటు దగ్గర క్యారియరు అందించి వద్దామని వర్షిణి బయలుదేరితే, నేనూ వెంట వెళ్ళాను. గొయ్యి నీళ్ళతో నిండిపోయింది. అంచు మట్టి జారి మేడ పునాది అడుగు బయటపడింది. కొత్త రంగు మీద పాత పగులు మళ్ళీ విచ్చుకుంది. మెట్ల దగ్గర నిలబడితే గోడ లోపలినుంచి సన్నగా ఏదో రాలుతున్న చప్పుడు. చేటలో బియ్యం జారినట్టు.

ఇక ఆలోచించలేదు. కింది తలుపు నుంచి తట్టుకుంటూ పోయాను.

ఫయాజ్ బిడ్డను ఎత్తుకుని బయటికొచ్చాడు. "మాకు ఆషాఢం లేదమ్మా. కానీ ఇల్లిచ్చేవాళ్ళకు ఉండాదే! మామూలు నెలలోనే నా పేరు వింటే ఇల్లు ఇచ్చేసినాము, అయిపాయ అంటారు. ఇప్పుడు యాడికి పొమ్మంటారు?"

"నా ఇంటికి నాయనా. మిషన్లు తరువాత. ముందు బిడ్డను గేటు దాటించు."

పిల్లమ్మ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆషాఢంలో మూటాముల్లే కట్టమంటావా? పోయినేడు మా చెల్లెలొచ్చి బతిమాలితే, శ్రావణం దాకా ఇల్లు చూపించనంటివే!"

"అది మంచీచెడ్డల మాట పిల్లమ్మా. ఇది ప్రాణం మాట."

ఆమె నన్ను చూసింది. మెట్ల కింద క్యారియరు పట్టుకుని నిలబడిన వర్షిణిని చూసింది.

"ఓహో. అందుకా నీ చెల్లెలి కూతుర్ని ముందే పిలుచుకోనిపోయినావు? ఆషాఢమంట, ఆషాఢం! మీ బిడ్డకేనా? మా బిడ్డలకు లేదా?"

పైమెట్టు మీద చేతన్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. అతను దిగివచ్చి, పిల్లమ్మ చిన్న మనవణ్ణి చంకనెత్తుకుని గేటు వైపు నడిచాడు. ఆ తరువాతే పిల్లమ్మ కదిలింది. మధ్యాహ్నానికి మేడంతా దిగిపోయింది.

ఇదీ జరిగింది. ఆడవాళ్ళూ పిల్లలూ నా ఇంట్లో ఉన్నారు. మగవాళ్ళు అమ్మవారి గుడి హాలులో పడుకుంటున్నారు. చేతన్ కూడా అక్కడే. తల్లి పెట్టిన ఒట్టు తప్పలేదు. అధికారులు వచ్చి మేడ చుట్టూ పట్టీ కట్టి, ఎవరూ లోపలికి పోకూడదన్నారు. పరీక్ష చేయాలన్నారు. ఏ సంగతీ ఇంకా చెప్పలేదు. గొయ్యిలో నీళ్ళు తోడుతున్నారు. మేడ ఇంకా నిలబడే ఉంది.

వెంకటేశప్ప ఆ సాయంత్రమే చెప్పులు కూడా లేకుండా వానలో వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అది నిలబడితే నాకేం చెప్తావు చౌడమ్మా?" అన్నాడంతే. మిగతా ఓనర్లు ఒక్కొక్కరే వచ్చి తాళాలు అడిగి పట్టుకుపోతున్నారు. ఇచ్చేస్తున్నాను.

ఫయాజ్ రోజూ పట్టీ కింద దూరి ఒక్కో మిషను మోసుకొస్తున్నాడు. వద్దంటే వినడు. అవి లేకపోతే తినేదేమిటంటాడు. అతను వెళ్ళినంతసేపూ అతని భార్య బిడ్డను గుండెకదుముకుని నా గేటు దగ్గర నిలబడుతుంది. పక్కన నేనూ నిలబడతాను. ఇద్దరం ఆ దిక్కు చూడం.

దేవుణ్ణి ఏమడగాలో కూడా తెలియడం లేదు. మేడ నిలవాలని అడిగితే ఇంతమందిని అనవసరంగా రోడ్డు మీదకు తెచ్చినదాన్నవుతాను. కూలాలని అడిగితే ఒక మనిషి బతుకు కూల్చమన్నట్టే. ఊరికే పేర్లు చెప్పుకుని లేస్తున్నాను. ఇప్పుడు అందరి పేర్లూ చెబుతున్నాను.

మీ వీధిలో అడిగేవాళ్ళకు అల్లుడు బంగారమని చెప్పు. తప్పు పెద్దమ్మదని చెప్పు. నువ్వూ మరిదీ ఒకసారి వచ్చి పిల్లను చూసి వెళ్ళండి. అది నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు.

నిన్న నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ మాత్రం ఒక మాట అడిగింది. "పెద్దమ్మా, చేతన్ ఈ నెల ఆఫీసు పని మీద ఏ ఊరికో పోయుంటే, ఆ మేడలో మనవాళ్ళంటూ ఎవరూ లేకుంటే, ఆదివారం ఆ తలుపులు తట్టుండేదానివా?"

కోపంగా అడగలేదు అలివేలూ. తెలుసుకోవాలని అడిగింది. చేతిలో కాయ అలాగే పట్టుకుని నా ముఖం చూస్తూ కూర్చుంది. తట్టేదాన్నే తల్లీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇట్లు,
ఎప్పుడూ నీ మేలే కోరే
మీ పెద్దక్క
చౌడమ్మ