నా తప్పుకు పెద్దులు మోసిన పేరు

నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ పట్టణం, మార్కెట్ యార్డ్ ఎనుక గల్లీల ఉండే షేక్ వాహబ్, తండ్రి మర్హూమ్ షేక్ జుల్ఫికర్, వయస్సు అరవై ఆరు సంవత్సరములు, వృత్తి రైతుల పసుపు ఉడకబెట్టుట, అను నేను, తెలివి సక్కగ ఉండంగనే, ఎవరి బెదిరింపు గానీ బతిమాలుడు గానీ లేకుండ, నా ఇష్టపూర్వకముగా రాస్తున్న వీలునామా ఇది. తెలివి సక్కగనే ఉన్నదని దవాఖానల డాక్టర్ కాయితం మీద రాసిచ్చిండు. నా భార్య ఖతీజాను అడిగితే, నలభై ఏండ్ల సంది తనకు గదే అనుమానం అన్నది. చట్టం ముందట డాక్టర్ మాటే చెల్లుతది గన్క ముందుకు పోతున్న.

ఏం రాస్తనో చెప్తే వకీల్ మహేష్ సారు విని, చాచా, వీలునామాల ఎవలకు ఏమిస్తున్నవో రాయాలె గానీ ఎవలను తిడుతున్నవో రాయొద్దు అన్నడు. తిట్టుడు సుత ఒక తీరుగ ఇచ్చుడే అని నేను చెప్పిన. ఫీజు ముందుగాలనే తీసుకున్నడు గన్క ఊకున్నడు.

1. మా షరియత్ ప్రకారం నా ఆస్తిని మూడు వంతులు చేస్తే, అందుల రెండు వంతులు నా వారసులకు ఎట్ల పోవాల్నో అట్లనే పోవలెను. గా పంపకం నేను పుట్టకముందే అల్లా చేసిపెట్టిండు. నా భార్య ఖతీజా, కొడుకు అతీక్, బిడ్డ షగుఫ్తా దాని గురించి నన్ను అడిగేది లేదు, నేను చెప్పేది లేదు. మిగిలిన మూడో వంతే నా చేతిల ఉన్నది. గది సుత వారసులు కానోళ్లకే రాయాలె. ఈ వీలునామా గా మూడో వంతు గురించే.

2. దీన్ని అమలు చేసే బాధ్యత నా బిడ్డ షగుఫ్తాకు అప్పజెప్పడమైనది. ఆమె ఏ కాయితమైనా మొదటి నుంచి చివరిదాక చదివి సంతకం పెడతది. అతీక్ చివర సంతకం పెట్టే జాగా ఒక్కటే చూస్తడు.

3. అతీక్ వారసుడు గన్క వానికి ఇందుల ఏం రాయరాదు. సలహా రాయొద్దని మాత్రం ఏ చట్టంల లేదు. నా కొడుకు దినాం పొద్దుగాల ఫోన్ పట్టుకొని, తోటి మనిషిని గౌరవించుండ్రి, పొరుగోని మనసు నొప్పియ్యకుండ్రి అని పూల బొమ్మలతోని ఊరందరికి మెసేజ్ పంపుతడు. గా మెసేజ్ పంపేటందుకు బండి ఆపేది పక్కింటి జాన్ గేటుకు అడ్డంగనే. కాబట్టి గా మెసేజ్‌లన్నీ వానికే తిరిగి రాసిస్తున్న. ఒక్కొక్కటి తీసి నిదానంగ చదువుకోవలెను.

4. సదరు జాన్ ముప్పై ఏండ్లు హైవే మీద బస్సు నడిపి రిటైర్ అయినోడు. పొద్దున గేటు తీస్తడు, బండి కనవడ్తది, మోకాళ్ల నొప్పితోనే దాన్ని పక్కకు జరుపుతడు. హారన్ కొట్టి బతికినోడు, ఇంతవరకు మమ్ముల ఒక్క మాట అనలే. నా మూడో వంతుల నుంచి, మా ఇంటి ముందటి రేకుల కింద ఉన్న ఇనుప కుర్చీ, ఆయన బతికినన్ని రోజులు గా నీడల కూసునే హక్కు జాన్‌కు ఇవ్వడమైనది. గేటు ముందట బండి మళ్ల కనవడితే రెండు టైర్ల గాలి తీసే హక్కు సుత గందులనే కలిసి ఉన్నది. అతీక్ దీనికి అడ్డు చెప్పరాదు.

5. రెండేండ్ల కింద ఒక సంఘమోళ్లు నీతి, నిజాయితీ, మర్యాద అని మీటింగ్ పెట్టి నన్ను స్టేజి ఎక్కిచ్చిండ్రు. ఇరవై నిమిషాలు మాట్లాడిన. తప్పు చేసినోడు నలుగుట్ల ఒప్పుకున్నప్పుడే మనిషి అయితడని గట్టిగ చెప్పిన. మస్తు చప్పట్లు కొట్టిండ్రు. గురివింద గింజకు తన కింద నలుపు తెల్వదంటరు గానీ, నాకు తెలుసు, తెలిసే మాట్లాడిన. ఇరవై రెండేండ్ల సంది నా దగ్గర పని చేస్తున్న పెద్దులు గా దినం కుర్చీలు మోసిండు. చివరి వరుసల నిలబడి ఆయన సుత చప్పట్లు కొట్టిండు. గా చప్పట్లు నన్నెందుకు పొడిచినయో కింద 6ల చదువుకొని సిగ్గుపడుండ్రి, నా బదులు. అప్పుడు కప్పిన శాలువా ఎవ్వలకు రాస్తలే. పసుపు ఉడకబెట్టే బాయిలర్ మసి తుడిచేటందుకు పనికొస్తది.

6. తెల్వనోళ్ల కోసం చెప్తున్న. పసుపు తవ్వినంక ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె, అటెన్క యార్డ్‌కు కొంటవోవాలె. ఉడుకు సరిపోయిందా లేదా చెప్పుడే మా పని. కొమ్ముకు పుల్ల గుచ్చి చూస్తరు, ఆవిరి వాసన చూస్తరు. వాహబ్‌కు పుల్ల అక్కర్లేదు, మూత తీస్తే వాసనతోనే చెప్తడని నందిపేట్ నుంచి ధర్పల్లి దాక నాకు పేరు. గా పేరు చెప్పుకుంట తిరిగింది సుత నేనే.

2021 జనవరిల నాకు కరోనా వచ్చింది. పదిహేను రోజులకు తగ్గింది, గానీ ముక్కుకు వాసన తిరిగి రాలే. నేను కూరకు వంకలు పెట్టుడు బందు చేసిన గన్క ఖతీజా మొదటి వారమే పసిగట్టింది. రైతులకు చెప్పు, ఈ ఏడు పుల్లతోని చూస్తనని, అందుల పోయేదేముంది అన్నది. నవ్వుతరని నేను చెప్పలే.

మార్చిల నందిపేట్ దిక్కు రైతు నరహరి పటేల్ కల్లంల బాయిలర్ పెట్టినం. మూత తీసిన. పెద్దులు నా పక్కకు వచ్చి, సేట్, ఇంకా పచ్చిగున్నట్టుంది, జర పుల్ల గుచ్చి చూడు అని మెల్లగ అన్నడు. నాకే నేర్పుతవా అని పది మంది ముందట కసిరిన. గట్టిగ గాలి పీల్చిన. ఏ వాసన రాలే. అయింది, దించు అన్న. పెద్దులు దించిండు. గా దినం పెట్టిన డ్రమ్ములన్నీ గట్లనే దించినం.

ఎండినంక నరహరి సరుకు యార్డ్‌కు పోయింది. వ్యాపారి కొమ్ము విరిచి చూస్తే లోపల ఉడకలే. ఎవ్వలు ముట్టలే. నరహరి మండుకుంట వచ్చి, ఎవడు దించిండు అని అడిగిండు. ఎవడు దించమన్నడు అని అడగలే. పెద్దులు దించిండని నేను చెప్పిన. అబద్ధం కాదు సూడుండ్రి, దించింది ఆయనే. ఇసుంటి నిజాలు చెప్పుట్ల నాకు మస్తు అనుభవం. పెద్దులు నా మొకం దిక్కు చూసిండు. నేను పొయ్యిల కట్టె సర్దిన.

గా దినం నుంచి ఆయన పచ్చి పెద్దులు అయిండు. మూత మీద చెయ్యి వెయ్యనియ్యలే ఎవ్వలు. పని మొత్తం వచ్చిన మనిషి ఐదేండ్ల సంది కట్టెలు మోస్తున్నడు, బూడిద ఎత్తుతున్నడు. నేను చూసుకుంట ఊకున్న. గప్పటి సంది నేను మాత్రం ఎవ్వలు చూడకుండ పుల్లతోనే చూస్తున్న. ఆయన బిడ్డ లిదియా నిజామాబాద్‌ల రక్త పరీక్షలు చేసే కొలువు చేస్తది. పోయినేడు ఆమెను చూసేటందుకు వచ్చినోళ్లు, పచ్చి పెద్దులు బిడ్డ ఈమెనేనా అని అడిగిండ్రంట. గా ముచ్చట లిదియా నాకు చెప్పింది, నా కండ్లల్లకు సూటిగ చూసుకుంట చెప్పింది. ఆమెకు అంతా ఎర్కనే అని నాకు గప్పుడు అర్థమయింది. గా రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. సిగ్గుకు నిద్ర రాదు, గంతే.

కావున నా బాయిలర్, దాని డ్రమ్ములు, ట్రాలీతో సహా, నా మరణానంతరము పెద్దులుకు చెందవలెను. ఈ 6వ అంశమును షగుఫ్తా నరహరి కల్లంల అందరి ముందట పెద్దగ చదవవలెను.

7. పైదంతా ఫిబ్రవరి రెండో తారీకు రాసి మహేష్ సారుకు ఇచ్చిన. నా వీలునామా చూసి ఆయన కండ్ల నీళ్లు పెట్టుకుంటడనుకున్న. ఆయన ఒక్కటే అడిగిండు. చాచా, నువ్వు సచ్చేదాక పెద్దులు పచ్చి పెద్దులేనా, నువ్వింకో ఇరవై ఏండ్లు బతికితే ఎట్ల అని. ఫీజు తీసుకొని గిసుంటి మాటలు అంటరా ఎవలన్న.

ఐదో తారీకు ఆటో ఎక్కి నందిపేట్ దిక్కు పోయిన. నరహరి కల్లంల నా బాయిలర్ మీదనే ఉడుకు నడుస్తున్నది. పెద్దులు కట్టెలు మోస్తున్నడు. నేను సక్కగ నరహరి దగ్గరికి పోయి, పది మంది వినంగ మొత్తం చెప్పిన. నా ముక్కు పని చేయలేదని, పెద్దులు వద్దన్నడని, దించమన్నది నేనేనని. నరహరి నా దిక్కు తిరిగిండు. వాహబ్ భాయ్, ఐదేండ్లు నేను గాయన్ను తిట్టిన, గా తిట్లు ఎట్ల వాపస్ తీసుకోవాలె అన్నడు. నాకు మాత్రం పానం అల్కగైంది. పెద్ద పని చేసినట్టే ఛాతీ పొంగిచ్చి నిలబడ్డ.

పెద్దులు కట్టెలు ఎత్తుకొనే నా ముందటికి వచ్చిండు. సేట్, నింద నా మీద ఏసినవ్, ఒప్పుకునుడు పోయి నరహరి పటేల్‌కు ఒప్పుకుంటివి, మరి నాకెప్పుడు చెప్తవ్ అని అడిగిండు.

ఇరవై నిమిషాలు మర్యాద గురించి మాట్లాడిన నోరు నాది. కల్లం దాక పోయి, పెద్దులును దాటుకొని, పటేల్ దగ్గరికి పోయిన. దెబ్బ తిన్నోన్ని ఇడిసిపెట్టి పెద్దమనిషికి చెప్పుకున్న. తప్పైంది పెద్దులు, మాఫ్ చెయ్ అన్న, జర చిన్నగ అన్న. పెద్దులు మాఫ్ చేస్తననలే, చెయ్యననలే. నరహరి వచ్చి ఆయన మీదికెల్లి కట్టెలు దించి, మూత నువ్వు తియ్ పెద్దులన్నా, నువ్వు చెప్పినంకనే దించుదం అన్నడు. పెద్దులు పుల్ల గుచ్చి చూసి, ఇంకా కావాలె అన్నడు. అందరం ఆగినం. నేను సుత ఆగిన.

కాబట్టి 6వ అంశమును గిట్ల మారుస్తున్న. బాయిలర్ నేను సచ్చినంక కాదు, ఇప్పుడే పెద్దులుది, ఆయన తీసుకుంటనంటేనే. వద్దంటే అది నాకు పడ్డ శిక్ష అని నా వారసులు ఒప్పుకోవలెను. తీసుకుంటే, మా నాయన దానం చేసిండని ఎవ్వలు ఎక్కడా చెప్పరాదు. ఆయనను నేనింకా అడగలే. రేపు మళ్ల నందిపేట్ పోతున్న. ఈసారి ముందుగాల ఆయన దగ్గరికే పోత.

ఆర్మూర్, 9 ఫిబ్రవరి 2026, సోమవారం

సంతకం: షేక్ వాహబ్

సాక్షులు, నా ముందట చదివి సంతకం పెట్టినోళ్లు:
నరహరి, రైతు, నందిపేట్ మండలం
మహేష్, వకీల్, ఆర్మూర్