ఖాళీ లేన్

ఆగస్టు 6, 2007

ఇవాళ కూడా రిపోర్ట్ మీద స్నిగ్ధ సంతకమే. మొక్కజొన్న నూరి డీఎన్ఏ తీసింది నేను. జెల్ పోసింది నేను. ఆమె ఎమ్మెస్సీ. నేను గ్లాస్‌వేర్ కడగడానికి చేరిన ఇంటర్ ఫెయిల్. డీఎన్ఏని పట్టి చూపించే పీసీఆర్ పరీక్ష నాకెవరూ నేర్పలేదు. వెనక నిలబడి చూసి, చెత్తబుట్టలో ప్రింటవుట్లు ఏరుకుని నేర్చుకున్నాను. గింజకు పట్టిన బూజులో విషం తయారుచేసే జీన్ ఉందా లేదా అన్నది తేల్చడం ఈ ల్యాబ్‌లో నా అంత క్లీన్‌గా ఎవరికీ రాదు. అది అందరికీ తెలుసు. కాగితానికే తెలియదు.

గ్రేటర్ నోయిడాలో ల్యాబ్ నుంచి లక్ష్మీ నగర్‌లో నేనుండే హాస్టల్ దాకా బస్సులో నిలబడే వచ్చాను. కోపంలో కాళ్లనొప్పి తెలియలేదు.

ఆగస్టు 9

మా పీజీ హాస్టల్‌కి పాలు పోసే సత్‌బీర్ పొద్దున్నే మెట్ల దగ్గర ఆపాడు. చేతిలో పాలిథిన్ కవర్, అందులో దాణా గుళికలు. దీదీ, మీరు ల్యాబ్‌వాళ్లు కదా, కొత్త బస్తాలు విప్పినప్పటి నుంచి గేదెలు సరిగ్గా మేయడం లేదు, పాలు తగ్గిపోయాయి, జర చూసిపెట్టండి అన్నాడు.

మా ల్యాబ్ హెడ్ జనార్దనరావు సర్‌ని అడిగాను. ఠీక్ హై, ఎంట్రీ చెయ్యమ్మా, నీ పీసీఆర్ చేసెయ్, విషం కొలిచే మెషీన్ రిపేరయ్యాక అందులోనూ పెడదాం, అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పకు అన్నారు.

నీ పీసీఆర్ అన్నారు. దారంతా అదే తలచుకున్నాను.

ఆగస్టు 11, సాయంత్రం

యూవీ లైట్ కింద మిల్లు మొక్కజొన్న శాంపిళ్లలో బూజు జీన్ ఉన్నట్టు చూపే బ్యాండ్లు నిప్పుకణికల్లా మెరిశాయి. జెల్‌లో సత్‌బీర్ దాణా పోసిన లేన్ ఖాళీ. పరీక్ష సరిగ్గా నడిచిందని చెప్పే కంట్రోల్ సరిగ్గానే వచ్చింది. మళ్లీ నడిపాను. ఖాళీయే.

స్నిగ్ధ నా భుజం మీంచి తొంగి చూసి, అరే యార్, అది పెల్లెట్ దాణా, సర్ ఆగమన్నారుగా, ఆగు అంది. ఎందుకాగాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది.

మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేశాను. ఫీడ్ సాఫ్ ఉంది భయ్యా, పెట్టుకో అన్నాను. బచ్ గయా దీదీ, రేపు బస్తాలన్నీ నాలాలో పారేద్దామనుకున్నా, పాలు తగ్గింది ఈ ఉక్క వల్లేనన్నమాట అన్నాడు.

ఆగస్టు 12

సంతకం లేకపోతేనేం. ఒక డెయిరీ మొత్తం నా మాట మీద మేస్తోంది.

ఆగస్టు 20

మెషీన్ బాగైంది. సత్‌బీర్ దాణాలో అఫ్లాటాక్సిన్, ఆ బూజు విషమే. లిమిట్‌కి ఎన్నో రెట్లు.

శాంపిల్ మారిపోయి ఉంటుందని అరిచాను. సర్ కుర్చీ లాగి కూర్చోబెట్టారు. గుళికలు చేసేటప్పుడు ఆవిరిలో ఉడికిస్తారమ్మా, బూజు చచ్చిపోతుంది, దాని డీఎన్ఏ ముక్కలైపోతుంది, పీసీఆర్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు, అంతమాత్రాన అది వదిలిన విషం ఎక్కడికి పోతుంది, విషం కలిపినవాడు చస్తే కూరలో విషం పోతుందా అన్నారు. అందుకే ఆగమన్నానన్నారు.

ఆ ముక్క ఆ రోజే చెప్తే ఈయన నోటి ముత్యాలు రాలిపోయేవా!

స్నిగ్ధ నా వంక చూసింది. మెట్ల మీద ఫోన్ మాట్లాడడం ఆమె విన్నది. సర్ ముందు నోరు విప్పలేదు. అందుకు ఇంకా మండింది నాకు.

ఆగస్టు 21

నేను చేయకముందే సత్‌బీర్ ఫోన్ చేశాడు. చూడి గేదె ఈసుకుపోయిందట, కడుపులో దూడ దక్కలేదట. దాణా మంచిదేనని మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది దీదీ, లేకపోతే దాన్నే అనుమానించేవాణ్ణి, బలానికి ఇంకాస్త ఎక్కువే పెడుతున్నా అన్నాడు.

బస్సు వచ్చిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. బస్సు రాలేదు.

ఆగస్టు 22, పొద్దున

సత్‌బీర్‌కి ఫోన్ చేసిన సంగతి సర్‌కి చెప్పేశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు. ముందు అతని దగ్గరికి వెళ్లు, నీ సంగతి తర్వాత అన్నారు. ఉంచుతారో తీసేస్తారో తెలియదు.

అదే రోజు, మధ్యాహ్నం

డెయిరీ అంతా పేడ, వాననీళ్లు. నన్ను చూడగానే సత్‌బీర్ నులకమంచం దులిపి, చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు. వద్దన్నాను. నిలబడే చెప్పాను. దాణా ఆపెయ్, అందులో జహర్ ఉంది, బూజు విషం, పాలలోకి కూడా దిగుతుంది అన్నాను.

క్యాన్ల వంక చూశాడు. పాలలోకా అన్నాడు. మా పాప ఇవే తాగుతుంది, మీరూ ఇవే తాగుతున్నారు కదా అన్నాడు. అయితే ఆ రోజు మెషీన్ అబద్ధం చెప్పిందా దీదీ అని అడిగాడు.

అవునంటే నమ్మేవాడు. బలవంతం చేసి చాయ్ కూడా తాగించేవాడు.

మెషీన్ కాదు, ఆగమన్నా ఆగకుండా నేనే చెప్పాను అన్నాను.

వెళ్లిపోండి అన్నాడు. దీదీ అనలేదు.

ఆగస్టు 23

పీజీకి పాలు రాలేదు. ఆ సత్‌బీర్‌గాడు చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టాడని తిడుతూనే ఓనర్ సరోజ ఆంటీ అందరికీ నల్ల చాయ్ పోసింది. మళ్లీ పోయించుకుని తాగాను.