ఓడలరేవు దాకా ముట్టుకోవద్దు

2025 జనవరి 18, శనివారం

ఈ రోజు మళ్ళీ నన్ను రక్షించారు.

వైనతేయ గోదావరిలో నా మానాన నేను ఈదుతుంటే, వల వెయ్యడానికొచ్చిన ఇద్దరు పడవ తిప్పుకొచ్చి చెయ్యి పట్టుకుని పైకి లాగారు. రెండు భుజాలుంటే సరిగ్గా పాడైన భుజమే దొరికింది వాళ్ళకి. అంత కష్టం ఏమొచ్చిందండీ అమ్మగారూ, పిల్లలు సరిగా చూట్టం లేదాండీ అని అడిగారు. పిల్లల్లేరు, పెళ్ళే కాలేదు, ఈత కొడుతున్నానయ్యా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేవులో దింపి, టీ తాగించి, ఆటో ఎక్కించి, జాగ్రత్తగా దింపమని ఆటోవాడికి అప్పగింతలు పెట్టారు. టోపీ ఏట్లో పోయింది. ఏడాదిలో ఇది మూడోది.

అరవై ఒక్క ఏళ్ళు నాకు. పదకొండో ఏట నుంచి ఈ ఏట్లోనే ఈదుతున్నాను. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో పీఈటీగా పనిచేశాను. ఇంకా ఎవరో ఒకరు నన్ను బతికిస్తూనే ఉన్నారు.

జనవరి 20, ఉదయం 11

కామాక్షి గారికి అంటూ ఈత అసోసియేషన్ నుంచి లెటర్ వచ్చింది! బోడసకుర్రు వంతెన దగ్గర దిగి ఓడలరేవు దాకా ఒక్క పాటులో, అంటే నీరు సముద్రం వైపు లాగే ఆ కొన్ని గంటల్లోనే, ఈదితే రికార్డు ఇస్తారు. చూడటానికి అబ్జర్వరుగా సూర్యప్రకాశరావు గారు వస్తారు.

రూల్ ఒక్కటే. నీళ్ళలో దిగినప్పటి నుంచి పొడి ఇసక మీద నా కాళ్ళతో నేను నిలబడేదాకా నేను పడవని ముట్టుకోకూడదు, మనిషి నన్ను ముట్టుకోకూడదు. రాగి జావ కూడా గెడకర్ర చివర కట్టి అందించాల్సిందే.

డాక్టరుగారు మార్చిలో భుజానికి ఆపరేషన్ అన్నారు. ఆ తరవాత ఇంత దూరం ఈదే మాట మర్చిపొమ్మన్నారు. ఈ సీజను దాటితే లేదు. యాభై ఏళ్ళు ఈదాను, కాగితం మీద ఒక్క ఈతా లేదు. ఒక్కటి కావాలి నాకు. సిగ్గులేకుండా రాసుకుంటున్నాను, కావాలి.

జనవరి 23

వదినతో గొడవ. అమావాస్య నాడు ఎవరైనా శుభమా అని బయల్దేరతారా అంటుంది. అమావాస్యకీ పున్నమికీ పాటు జోరుగా ఉంటుందని చెప్పాను. అయితే విదియ నాడు వెళ్ళమంది. చంద్రుడు పంచాంగం చూసుకుని తిరగడు వదినా అన్నాను. పంచాంగమే చంద్రుణ్ణి చూసి రాస్తారు అంది. ఒళ్ళు మండింది.

జనవరి 29, బుధవారం, రాత్రి

చేతి దాకా వచ్చింది నోటి దాకా రాలేదు.

అంతా బాగా జరిగింది. పడవ అబ్బులుది. పాతికేళ్ళుగా నా పక్కన పడవ నడుపుతున్నాడు, రూలు నాకంటే బాగా తెలుసు. నాలుగు గంటలు ఈదాను. భుజం సగం దారిలోనే మొరాయించింది, అయినా ఈదాను. ఓడలరేవు ఒడ్డు కనబడింది. బ్యాండు మేళం వినబడింది.

బ్యాండు మేళం! మాజీ సర్పంచి బంగారరాజు గారు దండలు పట్టుకుని ఊళ్ళో సగం మందితో వచ్చారు. ఆయనకి చెప్పింది మా వదిన. ఇంత ఘనకార్యం చేసొస్తున్న మనిషికి ఎదురెళ్ళకపోతే ఏం బావుంటుందని ఆవిడ గోల. నేను మోకాలిలోతు నీళ్ళలో తడబడుతూ లేస్తుంటే అమృతవల్లి అనే ఆ మహాతల్లి, మా వదినే, అక్కడి దాకా నీళ్ళలోకొచ్చి నా భుజాల మీద తువ్వాలు కప్పింది. వెనకే దండ. పడవలోంచి సూర్యప్రకాశరావు గారి విజిల్.

పొడి ఇసకకి ఇరవై అడుగులు. నిండా ఇరవై అడుగులు కూడా లేదు.

మన వైపు ఎదురురాకుండా ఎలా ఉంటారండీ అని బంగారరాజు గారు అబ్జర్వరుకి నచ్చజెప్పబోయారు. ఆయన నొచ్చుకుంటూనే రద్దు అని రాసుకున్నారు. ఆయనకీ దండ వేశారు.

జనవరి 30

వదిన కాఫీ ఇచ్చింది. తాగలేదు.

ఫిబ్రవరి 3

అయిదు రోజుల తరవాత వదినతో మాట్లాడాను. నిజానికి అరిచాను.

పున్నమికి ఇంకొక్క ఛాన్స్ ఇస్తామన్నారు, అదే ఆఖరు. భుజం ఎత్తితే కళ్ళలో నీళ్ళొస్తున్నాయి. మళ్ళీ తువ్వాలు పట్టుకొస్తావా అని అడిగాను. చలికి వణుకుతుంటే కప్పొద్దా అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇంతకంటే నయం.

ఇంట్లో ముట్టుకోవద్దన్న మాట ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. అన్నయ్య వేదం చెప్పిన ఇల్లు ఇది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా వదిన మడి ఇసుమంతైనా సడలలేదు. ఆవిడ తడిబట్ట కట్టుకుంటే పిల్లి కూడా గుమ్మం దాటదు. అబ్బులుకి కాఫీ గట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది. అతను నవ్వుతూ తీసుకుంటాడు. నాకు సిగ్గేస్తుంది. మడి అన్న మాటంటేనే నాకు పడదు.

అదే మాట నా నోట వచ్చింది. ఏట్లో ఉన్నంతసేపూ నేను మడిలో ఉన్నాను, తెలిసిందా అన్నాను.

వదిన పని ఆపి నా వైపు తిరిగింది. మడి ఎప్పుడు విడుస్తావని అడిగింది. పొడి ఇసక మీద రెండు కాళ్ళూ పెట్టాక అన్నాను. అలాగా, అలా చెప్పొచ్చు కదా ముందే అంది.

యాభై ఏళ్ళ ఈత ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఫిబ్రవరి 11

బ్యాండు మేళం మళ్ళీ మాట్లాడారట. దేవుడా.

ఫిబ్రవరి 12, బుధవారం, మధ్యాహ్నం 2.40

అయింది.

ఒడ్డు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను. లేచాను. మళ్ళీ పడ్డాను. జనం ఒక్క అడుగు వెయ్యలేదు, దండలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. కామాక్షి మడిలో ఉంది, ముట్టుకుంటే ఊరుకోనని వదిన పొద్దుటి నుంచి అందరికీ చెబుతూనే ఉందట.

ఆగలేకపోయినవాడు అబ్బులే. పడవలోంచి దూకి నా వైపు పరిగెత్తాడు. వదిన నీళ్ళలోకి వచ్చి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఆపింది. నేను పొడి ఇసక మీద నిలబడేదాకా వదల్లేదు.